హయాత్ బల్ల మీద ఆఖరి చోటు

దర్శి బస్టాండులో దిగి హయాత్ కొట్టెక్కడ అని అడిగితే, సోడాలమ్మే మనిషి సందు పేరూ చెప్పడు, గుమ్మం గుర్తూ చెప్పడు. "పొదిలి రోడ్డున నడవండి. ఎవరి లుంగీకి చిల్లులెక్కువుంటే ఆయనే హయాత్" అంటాడు. అంతకన్నా కచ్చితమైన చిరునామా ఆ ఊళ్ళో పోస్టుమాను దగ్గర కూడా లేదు.

చిల్లులు యాసిడ్‌వి. బ్యాటరీలకు చార్జింగు పెట్టేవాడి మీద రోజుకు నాలుగు చుక్కలైనా పడక మానవు. పడ్డప్పుడు ఏమీ తెలియదు, బట్ట నిక్షేపంలా ఉంటుంది. ఉతికి ఆరేశాక చూస్తే జల్లెడ. అందుకే పెళ్ళైన కొత్తలో హయాత్‌కు భార్య మదార్‌బీ మీద అనుమానం ఉండేది, బట్టల్ని బండకేసి మరీ కసిగా బాదుతోందని. నిజం తెలిశాక ఆయన ఆ మాట మర్చిపోయాడు కానీ ఆవిడ మర్చిపోలేదు. "నేను దూది ఏకుతుంటే నువ్వు లుంగీలు ఏకుతున్నావు. ఇంట్లో ఇద్దరం పనిమంతులమే" అని ఇరవై ఐదేళ్ళుగా దెప్పుతూనే ఉంది.

దూదేకడం వాళ్ళ ఇంటి పని. హయాత్ తండ్రి బుడే సాహెబు భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులూ దిళ్ళూ కుట్టినవాడు. వీధి మొదట్లో ఆ విల్లు టంగుమంటే ఆడవాళ్ళు పాత బొంతలు బయటపడేసేవాళ్ళు. అంతటి పనివాడి కడుపున పుట్టిన హయాత్‌కు దూది పడలేదు. గుప్పెడు పత్తి చూస్తే చాలు, పది తుమ్ములు తుమ్మేవాడు. తండ్రి ఏకిన దూదిని కొడుకు ఒక్క తుమ్ముతో మళ్ళీ గదంతా పరిచేవాడు. చివరకు బుడే సాహెబే విసిగి, "ఒరేయ్, నువ్వు దూది లేని పని ఏదన్నా చూసుకో, నీకు పుణ్యముంటది" అని గుంటూరు లారీల అడ్డాలో ఒక బ్యాటరీ మేస్త్రీ దగ్గర చేర్పించాడు.

అక్కడ ఇరవై మూడేళ్ళు పనిచేశాడు. మేస్త్రీ చదువుకున్నవాడు కాదు, బ్యాటరీని చెవితో చదివేవాడు. చార్జింగు నిండే వేళకు సెల్లులో యాసిడ్ బుడబుడలాడుతుంది. ఆ చప్పుడు అన్నం ఉడికేటప్పటి చప్పుడులా ఉంటే నిండినట్టు, అంబలి ఉడికినట్టుంటే ఇంకా ఆగాలి, ఒక సెల్లు మూగగా ఉంటే దానికి జబ్బు. ఈ విద్య హయాత్‌కు అబ్బింది. డెబ్బై ఎనిమిదిలో సెకండు హ్యాండు చార్జరు పెట్టె ఒకటి బస్సు టాపు మీద వేసుకుని దర్శి వచ్చి కొట్టు పెట్టాడు. అప్పటినుంచి ట్రాక్టర్ల వాళ్ళూ, లారీల వాళ్ళూ, మైకు సెట్ల వాళ్ళూ ఆయన గడపకే వచ్చారు. కరెంటు లేని ఊళ్ళలో బ్యాటరీ పెట్టి టీవీ చూసే షోకు మొదలయ్యాక ఆ గిరాకీ కూడా ఆయనదే.

ఆయన పని పద్ధతి ఇదీ. ఒక పొడుగాటి టేకు బల్ల. దాని మీద ఆరు బ్యాటరీలు వరసగా. చార్జరు నుంచి ఎర్ర వైరు మొదటి దానికి. మొదటి దాని రెండో కొస నుంచి రెండో దానికి, రెండో దాని నుంచి మూడో దానికి, అలా ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఆరోది దాకా వెళ్ళి, అక్కడ నుంచి నల్ల వైరు మళ్ళీ చార్జరుకు చేరుతుంది. వరస కట్టే ముందు ఒక్కో బ్యాటరీని అరచేతి వెనక భాగంతో తడిమి చూస్తాడు. గాజు గొట్టంతో యాసిడ్ పీల్చి లోపలి బుడ్డి ఎంత తేలిందో చూస్తాడు. ఒకే సైజువి, ఒకే దాహంవి ఒక వరసలో వేస్తాడు. ఏది ముందు నిండితే దాన్ని ముందు తప్పించి వరస మళ్ళీ కలుపుతాడు. ఎవరి బ్యాటరీ ఎన్నో చోట ఉందన్నది ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు, ఎందుకంటే దానితో పనిలేదు. అదే ఆయన చేసిన తప్పు. ఆయనకు కరెంటు తెలుసు కానీ తన గిరాకీలు కాలవ కింద రైతులన్న సంగతి తట్టలేదు.

సాగరు కాలవ నీళ్ళ సంగతి ఆ ప్రాంతంలో ఎవర్ని కదిలించినా చెబుతారు. పై ఊళ్ళ వాళ్ళు వరి వేసుకుంటారు, నడిమి ఊళ్ళ వాళ్ళు మిరప తడుపుకుంటారు, ఆఖరి ఊళ్ళ వాళ్ళు కాలవలోకి దిగి క్రికెట్టు ఆడుకుంటారు. అలాంటి ఆఖరి ఊరి రైతు రామాంజనేయులు. ఎనిమిదెకరాల పత్తి, ఒక పాత ట్రాక్టరు, పది మందికి సరిపోయే గొంతు. ఎనభై ఆరు జనవరిలో ఒక పొద్దున ఆయన బ్యాటరీ ఇచ్చి, కాఫీ తాగి తిరిగొచ్చి, బల్ల వంక చూసి నడుం మీద చేతులేసుకున్నాడు.

"ఏందయ్యా సాయిబూ! ఇక్కడ కూడా నేను చివరేనా?"

"చివరైతే ఏంది రామాంజనేయులు గారూ?" అన్నాడు హయాత్.

"ఏందంటావేందయ్యా! పైన వెంకటరావమ్మ గారి బ్యాటరీ తాగి, దాని కింద లారీ వాళ్ళవి తాగి, మిగిలిన తడి నా దానికా? పదిహేనేళ్ళు కాలవ చివర కూర్చున్నోణ్ణి. నాకు చెప్తావా?"

హయాత్ నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. మిరప కల్లంలో బుట్టలు చేతులు మారుతూ లారీ ఎక్కడం చూడలేదా అన్నాడు. మొదటివాడి చేతిలోంచి వంద బుట్టలు పోతే ఆఖరివాడి చేతిలోంచి కూడా వందే పోతాయి, వరసలో కరెంటూ అంతే అని విడమరిచి చెప్పాడు.

రామాంజనేయులు శ్రద్ధగా విన్నాడు. "మరి మధ్యలోవాడు బుట్టకు రెండు కాయలు జేబులో వేసుకుంటే?" అన్నాడు.

 హయాత్ కరెంటు కొలిచే ఆంపియర్ మీటరు మొదటి బ్యాటరీ దగ్గర పెట్టి చూపించాడు, ముల్లు ఎనిమిది మీద నిలబడింది. దాన్నే విప్పి ఆఖరి బ్యాటరీ దగ్గర పెట్టాడు. అక్కడా ఎనిమిదే. రామాంజనేయులు తల అడ్డంగా ఊపాడు.

"మీటరు ఇటు తెచ్చినప్పుడు నువ్వు తూము పెంచి ఉంటావు. ఇంజినీరు జీపొచ్చిన రోజు మా కాలవలో కూడా నీళ్ళుంటయ్ సాయిబూ. జీపు పోయాక చూడాలి."

ఈ మాట రెండు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. పై ఊరి వెంకటరావమ్మ దాకా వెళ్ళింది. భర్త పోయాక ముప్పై ఎకరాలు ఒంటిచేత్తో సాగుచేస్తున్న మనిషి ఆవిడ. పాలేళ్ళను ఒక చూపుతో, వడ్డీ వ్యాపారిని ఒక దగ్గుతో నిలబెట్టగల మనిషి. అంతవరకు తన బ్యాటరీ ఎన్నో చోట ఉందో ఆవిడకూ తెలియదు. తెలిశాక ఊరుకుంటుందా?

"ఇదిగో హయాతూ, మొదటి చోటు మాది. కాలవ మీదా మాదే, నీ బల్ల మీదా మాదే" అని కబురు చేసింది.

అక్కడనుంచి హయాత్ బతుకు కాలవ లాకులమీద కాపలా బతుకైంది. తెల్లవారకముందే కొట్టు ముందు బ్యాటరీలు క్యూ కట్టేవి. మొదటి చోటు కోసం పోట్లాట, రెండో చోటు కోసం రాజీ. ఆరో చోటు దక్కినవాడు బ్యాటరీ వెనక్కి తీసుకెళ్ళిపోయేవాడు. హయాత్ వంతులు పెట్టాడు, వంతుల మీద పంచాయితీ వచ్చింది. విసిగిపోయి ఒకరోజు బల్ల గోడవారకు నెట్టి, బ్యాటరీలను నేలమీద గుండ్రంగా పేర్చాడు. ఇప్పుడు మొదలూ లేదు, చివరా లేదు, చచ్చినట్టు ఊరుకుంటారు అనుకున్నాడు. వచ్చినవాళ్ళు ఆ చక్రం చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, వంగి, ఎర్ర వైరు ఎక్కడ దిగిందో వేలు పెట్టి చూపించారు.

"ఇదిగో తూము. ఇక్కణ్ణించి లెక్కబెట్టండి" అన్నాడు రామాంజనేయులు.

సరిగ్గా ఈ సమయంలో ఎదురుగా ఉస్మాన్ కొట్టు తెరిచాడు. ఉస్మాన్ పరాయివాడేం కాదు, హయాత్ పినతండ్రి కూతురి కొడుకు. ఒంగోల్లో రేడియో షాపులో రెండేళ్ళు ఉండొచ్చిన కుర్రాడు. ప్యాంటు వేసుకుని చార్జింగు పెట్టిన మొట్టమొదటి మనిషి దర్శిలో అతనే. అతని చార్జరు కొత్తది. బ్యాటరీలన్నీ పక్కపక్కనే పెట్టి, అన్నిటి ఎర్ర కొసలూ ఒక ఎర్ర కమ్మీకి, అన్నిటి నల్ల కొసలూ ఒక నల్ల కమ్మీకి తగిలిస్తాడు. దాన్ని ప్యారలల్ అంటారని చెప్పాడు. జనానికి ఆ మాట అక్కర్లేకపోయింది. గుమ్మం మీద అతను రాయించిన బోర్డే చాలు: "ఇచ్చట ఎవరి తూము వారిది. చివర అనునది లేదు."

ఆ బోర్డు రాయించినవాడి తెలివికి దండం పెట్టాలి. వారం తిరిగేసరికి హయాత్ బల్ల మీద ఈగలు కూడా వరస కట్టలేదు.

హయాత్ మొదటిరోజే రోడ్డు దాటి వెళ్ళి మేనల్లుడికి మంచి చెప్పబోయాడు. "ఉస్మానూ, పక్కపక్కన కట్టడం తప్పు కాదురా. కానీ వాటి వయసూ ఆరోగ్యం చూసి కట్టాలి. కరెంటు పోయిందా, వెంటనే క్లిప్పులు పీకెయ్యాలి. జబ్బుది ఒకటుంటే అన్నిటినీ పీలుస్తది."

"మావా, నీకు కడుపుమంట" అన్నాడు ఉస్మాన్, నవ్వుతూనే.

హయాత్ రోడ్డు దాటి వచ్చేశాడు. ఆ మాట మాత్రం యాసిడ్ చుక్కలాగా అప్పటికి తెలియలేదు కానీ సాయంత్రానికి బాగా కాల్చింది.

ఫిబ్రవరి నడిమికల్లా పరిస్థితి ఇంట్లో కూడా తెలిసిపోయింది. మదార్‌బీ ఆ ఏడు పరుపుల పనితో తీరిక లేకుండా ఉంది. ఆవిడ మాటలకు పదునెక్కువే కానీ మనసు మెత్తన. "విల్లు దించనా?" అంది ఒక మధ్యాహ్నం. గోడ మీద బుడే సాహెబు విల్లు వేలాడుతోంది. హయాత్ దాని వంక చూశాడు. అనుకోకుండా తుమ్మొచ్చింది. ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఇద్దరికీ దిగులేసింది.

చార్జరు పెట్టెకు గుంటూరులో ఒక పాత సామాన్ల వ్యాపారి బేరం పెట్టాడు. గురువారం లారీ పంపిస్తానన్నాడు. హయాత్ సరేనన్నాడు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, మొహానికి తుండుగుడ్డ కట్టుకుని, ఊరూరా విల్లు మోసుకుని తిరిగే తన రూపం ఆయనకు కళ్ళముందు కనపడుతూనే ఉంది. తండ్రి చేసిన పని, అందులో తప్పేమీ లేదు. కానీ తనకు చేతనైన విద్య ఒకటుందని ఊరు ఒప్పుకోకుండానే దాన్ని అమ్మేసుకోవడం ఆయనకు కష్టంగా ఉంది.

ఆ గురువారానికి రెండు రోజుల ముందు, మంగళవారం పట్టపగలు కరెంటు పోయింది. అది వింతేమీ కాదు. ఉస్మాన్ బల్ల మీద ఏడు బ్యాటరీలున్నాయి. ఇప్పుడే వస్తుందిలే, రాగానే చార్జింగు దానంతటదే మొదలవుతుంది అనుకుని, క్లిప్పులు తియ్యకుండా కొట్టుకు తాళం వేసి చీమకుర్తిలో స్నేహితుడి పెళ్ళికి వెళ్ళాడు. కరెంటు బుధవారం పొద్దున తొమ్మిదింటికి గానీ రాలేదు.

బుధవారం పొద్దున్నే గొడవ మొదలైంది. వెంకటరావమ్మ డ్రైవరు బ్యాటరీ తీసుకెళ్ళి ట్రాక్టరుకు పెడితే కిక్కుమనలేదు. లారీ వాళ్ళవి మూడూ అంతే. అన్నిటికన్నా పెద్ద కష్టం ఇమ్మానియేలుది. అతనిది మైకు సెట్టు. ఆ సాయంత్రం ఏడింటికి చర్చి ఆవరణలో ఉజ్జీవ కూటాలు మొదలవుతున్నాయి. ఆంప్లిఫయరుకు రెండు బ్యాటరీలు కావాలి. రెండూ నీళ్ళలా ఉన్నాయి.

"గుంటూరు నుంచి బోధకుడు గారు బయల్దేరారు. నాలుగూళ్ళ సంఘాలొస్తన్నయ్. మైకు లేకపోతే నన్ను శిలువేస్తారయ్యా" అని అతను ఉస్మాన్ గుమ్మంలో కూలబడ్డాడు.

అందరిలోకీ పెద్ద గొంతు మాత్రం ఈసారి రామాంజనేయులుది కాదు, వెంకటరావమ్మది. ఏడు బ్యాటరీలూ తడిమి చూస్తే ఆరు చల్లగా ఉన్నాయి, రామాంజనేయులుది ఒక్కటే కాలుతోంది.

"చూశారా! తాగినోడి ఒళ్ళే వేడిగా ఉంటది. మా అందరి కరెంటూ ఈయనే తాగాడు. కాలవ మీద దక్కలేదని ఇక్కడ గండి కొట్టాడు!"

రామాంజనేయులు వంగి తన బ్యాటరీని తనే తడిమి చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయన మీద ఎక్కువ నీళ్ళు వాడుకున్నాడన్న నేరం పడింది. అలాంటి నేరం మోయడం ఆయనకు అలవాటు లేదు.

ఇదంతా హయాత్ ఎదురు గుమ్మంలో నిలబడి టీ తాగుతూ చూశాడు. అబద్ధం చెప్పడం ఎందుకు, రెండు గుటకల సేపు ఆయనకు చాలా బాగుంది. చక్కెర ఎక్కువ పడ్డట్టు కూడా అనిపించింది. మూడో గుటకకు ఉస్మాన్ రోడ్డు దాటి వచ్చాడు. ప్యాంటు నలిగి ఉంది, మొహం వాడిపోయి ఉంది.

"మావా, ఒకసారి వస్తావా?" అన్నాడు.

హయాత్ గ్లాసు కింద పెట్టి వెళ్ళాడు. రామాంజనేయులు బ్యాటరీ మూతలు విప్పి, గాజు గొట్టంతో ఆరు సెల్లులూ చూశాడు. అయిదు బాగానే ఉన్నాయి. ఆరోదానిలో బుడ్డి తేలనే లేదు. ఈసారి ఆయన కల్లంలో బుట్టల సంగతి ఎత్తలేదు. జనం వైపు తిరిగి వాళ్ళ భాషలోనే చెప్పాడు.

"ఏడు మడులున్నయ్ అనుకోండి. మధ్యలో గట్లన్నీ తీసేశారు. కాలవ వస్తున్నంతసేపూ బాగానే ఉంటది. కాలవ ఆగిపోయింది. అందులో ఒక మడిలో ఎలక బొక్క ఉంది. రాత్రికి ఏమైద్ది?"

"ఏడు మళ్ళూ ఎండుతయ్" అన్నారు నలుగురైదుగురు ఒకేసారి. ఇది ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

"ఈ బ్యాటరీలో ఒక సెల్లు పోయింది. అదే ఎలక బొక్క. రామాంజనేయులు గారు తాగిందేమీ లేదు. అందరివీ ఆయన మడిలోకొచ్చి కారిపోయినయ్. ఆయనకీ దక్కలా. నేను కట్టే వరసలో గట్లు గట్లుగానే ఉంటయ్. కరెంటు పోతే ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంటది."

"అంటే వచ్చినయ్యన్నమాట. వచ్చి నిలవలా" అన్నాడు రామాంజనేయులు మెల్లగా. దొంగతనం మాఫీ అయినందుకు సంతోషించాలో, వచ్చిన నీళ్ళు కూడా నిలవనందుకు ఏడవాలో ఆయనకు తెలియలేదు.

టైము తొమ్మిదిన్నర. కూటాలు ఏడింటికి. హయాత్ ఆరు బ్యాటరీలు తన బల్ల మీదకు మోయించాడు. మొదట వెంకటరావమ్మది, తర్వాత లారీలవి మూడు, చివర ఇమ్మానియేలువి రెండు. ఇమ్మానియేలు రెండు చేతులూ తన బ్యాటరీల మీద వేశాడు.

"అన్నా, దేవుని పని అన్నా. చివర పెట్టమాక."

"పాస్టరు గారి మైకు చివరా? ఆ రాత కూడా మాకేనా?" అని లేచాడు రామాంజనేయులు. చివర ఎవరున్నా ఇప్పుడు అది ఆయన పక్షమే.

అప్పుడు హయాత్‌కు తట్టింది. ఇన్నాళ్ళూ తన దగ్గర ఉన్నది ఒక్క మీటరు. ఒక్క మీటరుతో ఎన్నిసార్లు చూపించినా అది జీపొచ్చిన రోజు లెక్కే.

"ఉస్మానూ, నీ మీటరు విప్పి పట్రా."

ఒక మీటరు బల్ల మొదట్లో, ఇంకొకటి చివర బిగించాడు. మొదటి దాని ముందు స్టూలు వేసి వెంకటరావమ్మను కూర్చోమన్నాడు. రెండోదాని ముందు రామాంజనేయుల్ని కూర్చోబెట్టాడు. మధ్యలో మదార్‌బీ కుట్టిన పరుపొకటి నిలబెట్టాడు, ఒకరిది ఒకరికి కనపడకుండా.

"నా మాట నమ్మొద్దు. ఒకళ్ళ మాట ఒకళ్ళు నమ్మొద్దు. నేను చార్జరు మరను తిప్పుతా. నేను 'ఆ' అన్నప్పుడల్లా ముల్లు ఎక్కడుందో ఇద్దరూ ఒక్కసారే అరవండి."

మర తిప్పాడు. "ఆ!"

"ఎనిమిది!" "ఎనిమిది!"

జనంలో కదలిక వచ్చింది. హయాత్ మర వెనక్కి తిప్పాడు. "ఆ!"

"నాలుగు!" "నాలుగు!"

"ఆ!"

"పది!" "పది!"

వెంకటరావమ్మ పరుపు పక్కనుంచి మెడ చాపి, "ఏమయ్యా, నన్ను విని చెప్తన్నావా?" అంది.

"నువ్వే నన్ను విని చెప్తన్నావు!"

"అయితే ఈసారి నోటితో వద్దు, వేళ్ళు చూపించండి" అన్నాడు హయాత్. అటు ఏడు వేళ్ళు లేచాయి, ఇటు ఏడు వేళ్ళు లేచాయి. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు. ఎద్దుల బండి ఒకటి ఆగింది, దాని వెనక పొదిలి బస్సు ఆగి హారను కొట్టింది.

అప్పుడు రామాంజనేయులు చేసిన పని ఎవరూ అనుకోలేదు. స్టూలు దిగి, బల్ల మొదటికి నడిచి వెళ్ళి, వెంకటరావమ్మ మీటరును వంగి చూశాడు. మళ్ళీ చివరికి నడిచి తన మీటరు చూశాడు. మూడుసార్లు అలా తిరిగాడు. తర్వాత కూర్చుని, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"పదిహేనేళ్ళ నుంచి చూస్తన్నా హయాతూ. పైనోళ్ళకొచ్చినంత చివరోడికి కూడా రావటం ఇదే చూట్టం" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. సాయిబూ అనకుండా పేరు పెట్టి పిలవడం కూడా అదే మొదలు.

 వెంకటరావమ్మ పాలేరుతో ఇడ్లీలు తెప్పించి, రెండో పొట్లం బల్ల చివరికి పంపింది.

సాయంత్రం దాకా ఇద్దరూ స్టూళ్ళు దిగలేదు. నమ్మకం కుదిరాక కూడా కాపలా మానలేదు, అది వేరే అలవాటు. హయాత్ అటూ ఇటూ తిరుగుతూ చెవి ఆనించి వింటున్నాడు. మూడింటికి ఒక లారీ బ్యాటరీ అన్నం ఉడికినట్టు చప్పుడు చేసింది. దాన్ని తప్పించి వరస మళ్ళీ కలిపాడు. అలా ఒక్కొక్కదాన్నే తీస్తూ, ఆరుంబావుకు ఇమ్మానియేలువి రెండూ మిగిల్చాడు. గాజు గొట్టం పెట్టి చూస్తే ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక ఉన్నాయి.

"ఉస్మానూ, ఇప్పుడు నీ కట్టు కట్టు. రెండింటినీ పక్కపక్కన కలుపు" అన్నాడు.

ఉస్మాన్ అనుమానంగా చూశాడు. "ప్యారలలా మావా?"

"అవున్రా. రెండూ ఆరోగ్యంగా ఉన్నయ్, ఒక్క ఈడువి. పావుగంట కలిస్తే ఒక మట్టానికొస్తయ్. ఇంకాసేపట్లో ఒకే కాడికి కట్టాల్సినయ్, ఒకటి లాగి ఒకటి లాగకపోతే మైకు గురకపెడతది. నీ విద్య తప్పని నేనెప్పుడన్నా? పక్కన ఉండి చూసుకోవాలన్నా, అంతే."

ఉస్మాన్ క్లిప్పులు తగిలించి, అక్కణ్ణించి కదలకుండా నిలబడ్డాడు. అతని కొత్త ప్యాంటు మీద ఆ రోజు మొదటి చుక్క పడింది. హయాత్ చూశాడు కానీ చెప్పలేదు. ఉతికినప్పుడు తెలుస్తుంది.

ఏడింటికి అయిదు నిమిషాలు ఉందనగా చర్చి ఆవరణలో మైకు పలికింది. ఇమ్మానియేలు ఎప్పుడూ "హలో, మైక్ టెస్టింగ్" అంటాడు. ఆ రోజు మాత్రం గొంతు సవరించుకుని, "ఎనిమిది... ఎనిమిది..." అన్నాడు. పొదిలి రోడ్డంతా నవ్వింది. కొట్టు గడప మీద కూర్చుని వక్క నములుతున్న మదార్‌బీ అందరికన్నా ఎక్కువ నవ్వింది.

గురువారం గుంటూరు లారీ అన్నమాట ప్రకారం వచ్చింది. హయాత్ లోపల ఆరు బ్యాటరీల మధ్య వంగి ఉన్నాడు, బయట ఇంకో తొమ్మిది ఉన్నాయి. వ్యాపారి మనిషికి మదార్‌బీయే ఎదురెళ్ళింది.

"పెట్టె ఇచ్చేది లేదు నాయనా. దిళ్ళున్నయ్, కావాలా?" అంది.

ఉస్మాన్ బోర్డు దించేశాడు. సెల్లులు మార్చే పని నేర్చుకోవడానికి పొద్దుటిపూట హయాత్ దగ్గరకే వస్తున్నాడు. అతను నేర్చుకుంటూ బాగుచేసిన మొదటిది రామాంజనేయులు బ్యాటరీ. రెండో మీటరు హయాత్ బల్ల చివరనే ఉండిపోయింది. దానితో ఇంకో పేచీ మొదలైంది. చివరిదాకా కరెంటు వచ్చినట్టు ముల్లే చూపిస్తుందని ఇప్పుడు అందరూ ఆఖరి చోటే అడుగుతున్నారు. వెంకటరావమ్మ కూడా ఒకసారి అడిగి చూసింది. ఆ చోటు మాత్రం హయాత్ ఎవరికీ ఇవ్వడు, అది రామాంజనేయులుది.

ఆ ఏడు కూడా సాగరు నీళ్ళు ఆఖరి ఊరి దాకా రాలేదు. పత్తి సగం ఎండింది. ట్రాక్టరు షెడ్డులోనే ఉంది కాబట్టి రామాంజనేయులు బ్యాటరీకి చార్జింగు అవసరమే లేకుండా పోయింది. అయినా సంతకొచ్చినప్పుడల్లా ఆయన ఖాళీ చేతులతో హయాత్ కొట్టుకు వచ్చేవాడు. హయాత్ పని ఆపకుండానే కాలితో స్టూలు బల్ల చివరికి జరిపేవాడు. రామాంజనేయులు దాని మీద కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, మీటరు వంక కాసేపు చూసేవాడు.

"ఎంతుందండీ?" అని అడిగేవాడు హయాత్, అటు తన ముందున్న మీటరులో కనపడుతున్నా.

"ఎనిమిది" అనేవాడు రామాంజనేయులు.